నేను ఆర్పిన పసుపు లైటు

ఏడేళ్ళుగా ఒక సంగతి మోస్తున్నాను. మా ఆవిడకి కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళ ముందు చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ ఇంకేదో మాట బయటికొచ్చింది. వాన గురించో, కాఫీ ధర గురించో.

నాది టైర్ల పని. అరకు రోడ్డు మీద చిన్న కొట్టు. పంక్చర్లు వేస్తాను, గాలి కొడతాను, చక్రాలు సరిచేస్తాను. మా సొంతూరు కొండ కింద, శృంగవరపుకోట పక్కన ఒక పల్లె. ఇరవై ఏళ్ళ కిందట పైకొచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడందరూ నన్ను మేస్త్రీ అంటారు. ఆ పిలుపంటే నాకు చాలా ఇష్టం. ఎంత ఇష్టమంటే, ఇదంతా దానికోసమే చేశానని ఇప్పుడు అర్థమవుతోంది.

ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ఇక్కడ సుందరి అంటాను. అసలు పేరు అది కాదు. ఆమె పేరు రాసే అర్హత నాకు లేదు.

సుందరిది మా కొట్టుకి ఏడు కిలోమీటర్ల దూరంలో కొండ మీద గిరిజన పల్లె. వాళ్ళ నాన్న బొంజుబాబుకి కాఫీ తోట ఉంది. చెట్లకి మిరియపు తీగలు, కింద మడిలో చోళ్ళు, అదే రాగులు. కష్టజీవి, ఎక్కువ మాట్లాడడు. టూరిస్టులు పెరుగుతున్న రోజుల్లో ఒక పాత కారు కొన్నాడు. డ్రైవరుని పెట్టుకుందామని అతని ఆలోచన. కూతురు, నేనే నడుపుతాను అయ్యా, అంది. నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. మా వైపు ఘాట్ రోడ్డు మీద టాక్సీ నడిపిన మొదటి ఆడపిల్ల ఆమె. బాగా నడిపేది. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఒక్కసారి కూడా అనలేదు.

టాక్సీ స్టాండులో డ్రైవర్లు, గుంట బండి తోలతాదంటరా, అని నవ్వుకునేవాళ్ళు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

ఆ కారులో టైర్లలో గాలి తగ్గితే వెలిగే లైటు ఉంది. పసుపు రంగు. గుర్రపు నాడాలా ఉండి మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం. అది ఎలా పనిచేస్తుందో మీకు కాస్త వివరంగా చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిన పని ఎంత చిన్నదో, ఎంత పెద్దదో మీకు తెలియదు.

కొన్ని కార్లలో ప్రతి చక్రం లోపల, గాలి కొట్టే వాల్వు దగ్గర, ఒక చిన్న సెన్సరు ఉంటుంది. దానికి సొంత బ్యాటరీ. లోపల గాలి ఎంత ఉందో కొలిచి, తీగ లేకుండా కారుకి కబురు పంపుతుంది. సుందరి కారులో అది లేదు. అందులో ఉన్న ఏర్పాటు వేరు. బ్రేకుల కోసం చక్రాల దగ్గర ఎలాగూ ఉండే సెన్సర్లే ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంటాయి. గాలి తగ్గిన టైరు కొంచెం కుంగుతుంది. కుంగిన చక్రం చిన్న చక్రం కింద లెక్క. మిగతా మూడింటితో సమానంగా సాగాలంటే అది కొన్ని చుట్లు ఎక్కువ తిరగాలి. ఆ తేడా కనిపెట్టి కారు లైటు వెలిగిస్తుంది.

తెలివైన ఏర్పాటే. కానీ ఆ కారుకి టైరులో అసలు గాలి ఎంతో తెలియదు. మనం నాలుగు టైర్లలోనూ సరిగ్గా గాలి కొట్టి, స్టీరింగు పక్కన ఉన్న ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. ఇప్పుడున్నదే సరైనది అని దానికి చెప్పడమన్నమాట. లైటు ఆరిపోతుంది. కాసేపు నడిచాక ఆ కొలతే దానికి గుర్తుండిపోతుంది. ఇక అక్కడినించి తేడా వస్తేనే మళ్ళీ వెలుగుతుంది. మరి గాలి తక్కువగా ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కితే? ఆ తక్కువనే సరైనదిగా తీసుకుంటుంది. దానికి ఇంకో దారి లేదు. నొక్కిన మనిషిని నమ్ముతుంది.

ఇదంతా నాకు నేర్పింది ఎవరనుకుంటున్నారు? సుందరే.

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఫోను పక్కన పెట్టుకుని మాట మాట కూడబలుక్కుని చదివిందట. ఒకరోజు నా కొట్టుకొచ్చి, నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉండగా చెప్పింది. "గాలి సూసుకున్నాకే బటన్ నొక్కాలంట మేస్త్రీ. ముందే నొక్కేత్తే కారు మోసపోద్దంట." మర్యాదగానే చెప్పింది. తనకి కొత్తగా తెలిసిన విషయం నాకూ చెప్పాలని ముచ్చటపడి చెప్పింది. ఒక డ్రైవరు మాత్రం, ఏటి మేస్త్రీ, గుంట నీకు పాఠం సెప్తాంది, అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. లోపల మండిపోయింది. చేత్తో తట్టి చప్పుడు విని గాలి ఎంతో చెప్పేవాణ్ణి నేను. లారీల వాళ్ళు కూడా నా మాటకి ఎదురు చెప్పరు. అలాంటిది నిన్నగాక మొన్న స్టీరింగు పట్టిన పిల్ల, అందులోనూ కొండమీద పిల్ల. చూశారా, ఆ మాట కూడా వచ్చింది. రాయకుండా దాటేద్దామనుకున్నాను. ఇదే సంగతి విశాఖపట్నం నించి వచ్చిన ఏ ఆఫీసరో చెబితే, అలాగా సార్, అని చేతులు కట్టుకుని వినేవాణ్ణి. అది నాకు తెలుసు.

ఆ తరవాత లైటు మూడుసార్లు వెలిగింది. మూడుసార్లూ సుందరి నా కొట్టుకి వచ్చింది. ఎప్పుడూ ముందు ఎడమ చక్రమే మేస్త్రీ, ఒకసారి విప్పి నీళ్ళలో పెట్టి సూడండి, అంది. నేను విప్పలేదు. కాస్త గాలి కొట్టి పంపేశాను. చలికి అలాగే వెలుగుతాయమ్మా, ఈ లైట్లన్నీ ఉత్త బొమ్మలు, అన్నాను. చలికి గాలి కొంచెం తగ్గే మాట నిజమే. నిజంలో ఒక ముక్క తీసుకుని దాని వెనక దాక్కోవడం నాకు బాగా వచ్చు.

ఆ రోజు డిసెంబరులో ఒక ఉదయం. సీజను. మంచు ఇంకా విడలేదు. కొట్టు ముందు బళ్ళు వరసగా ఉన్నాయి. కరెంటు పోయి గంట దాటింది, కంప్రెసరు ట్యాంకులో గాలి అయిపోయింది. ఎవరికీ గాలి కొట్టలేని పరిస్థితి. కరెంటు కోసం డ్రైవర్లందరూ టీలు తాగుతూ కూర్చున్నారు. అప్పుడు సుందరి కారు వచ్చి ఆగింది. ముందు సీట్లో ఎడమ పక్కన బొంజుబాబు. వెనకంతా కాఫీ గింజల బస్తాలు. అవి విశాఖపట్నంలో దింపేసి, స్టేషనులో టూరిస్టులని ఎక్కించుకుని రావాలి.

లైటు మళ్ళీ వెలిగింది మేస్త్రీ, అంది.

నేను అందరికీ వినబడేలా, "ఈ లైటు నిన్ను పెళ్ళాడిందేటమ్మా, వదల్దు," అన్నాను. నవ్వులు. ఆ నవ్వుల మధ్యే గాలి కొలిచే గేజి తీసుకుని ముందు ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను.

ముప్పై మూడు ఉండాలి. గేజిలో పద్దెనిమిది చూపించింది.

నేను చూశాను. అది మీకు స్పష్టంగా చెప్పాలి. చూడలేదని, మర్చిపోయానని, గేజి పాడైందని మనసులో చాలా కథలు అల్లుకున్నాను ఇన్నేళ్ళూ. చూశాను. పద్దెనిమిది గాలితో, అంత బరువుతో ఘాట్ దిగకూడదు. టైరు నలిగి వేడెక్కుతుంది. అన్నేళ్ళు టైర్లు పట్టుకున్నవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఏం చెయ్యాలి? ఆగమ్మా, గాలి తక్కువుంది, కరెంటొచ్చాక ఎళ్దువుగాని, అనాలి. లేదా ఆ చక్రం తీసి డిక్కీలో ఉన్న స్టెపినీ వెయ్యాలి. పది నిమిషాల పని. కానీ అలా అంటే లైటు చెప్పింది నిజమవుతుంది. లైటు నిజమైతే ఆ పిల్ల చెప్పింది నిజమవుతుంది. ఆమె పాఠం చెప్పిన రోజు నవ్విన నలుగురూ అక్కడే ఉన్నారు. ఇప్పుడే కదా నవ్వించాను వాళ్ళని. అంతే. ఇంకో కారణం లేదు. వెతికాను. ఏడేళ్ళు వెతికాను, ఇంకాస్త గౌరవమైన కారణం దొరుకుతుందేమోనని.

ఆమెని దిగమన్నాను. ఆమె సీట్లో కూర్చుని బటన్ నొక్కి పట్టుకున్నాను. లైటు టపటపా కొట్టుకుని ఆరిపోయింది.

"గాలి సూసారా మేస్త్రీ?" అంది.

"సూసాను."

"సరిపోయిందా?"

"సరిపోయింది. బేగి ఎళ్ళు, ట్రైను టైమైపోద్ది."

పక్కన బొంజుబాబు నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. కారు మంచులోకి వెళ్ళిపోయింది.

గంటన్నర తరవాత ఫోను వచ్చింది. ఘాట్‌లో ఏ బండి పడినా నాకే చెబుతారు, తాళ్ళూ జీపూ నా దగ్గరున్నాయి కాబట్టి. వెళ్ళేసరికి వాళ్ళని ఆసుపత్రికి పంపేశారు. మలుపులో ముందు ఎడమ టైరు పోయి, కారు ఎడమకి లాగేసి కొండరాయికి గుద్దుకుంది. అటుపక్క కొండ కాబట్టి సరిపోయింది, లోయ అయి ఉంటే ఇద్దరూ దక్కేవారు కాదు. సుందరి కూర్చున్న వైపు గీత కూడా పడలేదు. బొంజుబాబు కూర్చున్న వైపు రేకు నలిగి లోపలికి వచ్చేసింది. కాఫీ గింజలు రోడ్డంతా చెదిరిపోయి ఉన్నాయి. వచ్చేపోయే బళ్ళు వాటి మీదనించే వెళ్తున్నాయి.

టైరు చూశాను. పక్క గోడ చుట్టూ తెగి రింగులా వేలాడుతోంది. లోపల వేలు పెడితే నల్లటి పొడి. గాలి తక్కువై నలిగి నలిగి నడిచిన టైరులోనే ఆ పొడి ఉంటుంది. నా వేలికి అంటుకున్న ఆ పొడి లుంగీకి తుడుచుకున్నాను. ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను. మనిషి కాలు పోయిందో ప్రాణం పోయిందో తెలియని ఆ నిమిషంలో నేను చేసిన మొదటి పని అది.

హెడ్డు కానిస్టేబులు అడిగాడు, ఏటైంది మేస్త్రీ, అని. నేను చెప్పాను. "గుంట కదండీ, కొత్త. మలుపులో బ్రేకు ఒక్కసారే తొక్కేసినట్టుంది. టైరు పేలిపోయింది." ఆయన అదే రాసుకున్నాడు. ఆడపిల్ల, కొత్త డ్రైవరు, ఘాట్ రోడ్డు. ఇక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆ టైరుని అదే వారం పాత టైర్ల లారీలో వేసి పంపేశాను.

మూడో రోజున విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? జాలి అనుకున్నారు మా వాళ్ళు. ఆమెకి ఏం తెలుసో కనుక్కోవడానికి వెళ్ళాను. బొంజుబాబుకి ఎడమ కాలు మోకాలి కింద నించి తీసేశారు. సుందరి వరండాలో నేల మీద గోడకానుకుని కూర్చుని ఉంది. అవే బట్టలు. నన్ను చూడగానే లేచి నిలబడింది. నాకు మర్యాద ఇవ్వడానికి లేచి నిలబడింది.

"మేస్త్రీ, ఒకటడుగుతాను. నిజం సెప్పండి."

"సెప్పమ్మా."

"మలుపులో స్టీరింగు లాగేత్తంటే భయమేసి బ్రేకు గట్టిగా తొక్కేసాను. అందుకేనా టైరు పేలింది? నాను తొక్కకపోతే మా అయ్య కాలు ఉండేదా?"

ఆమె మాటలోనే జవాబు ఉంది. స్టీరింగు ముందే లాగింది. అంటే టైరు అప్పటికే పోయింది. తరవాతే బ్రేకు తొక్కింది. ఆమెకి తెలియక అడుగుతోంది. నాకు తెలుసు.

ఆమే మళ్ళీ అంది, "లైటు రాలేదు మేస్త్రీ. లైటొస్తే ఆగిపోదును. దాని మీదే కళ్ళెట్టుకుని ఉన్నాను."

అప్పుడు నేనన్న మాట ఇది. "లైటు రాలేదంటే గాలి బాగానే ఉన్నట్టు కదమ్మా. బ్రేకు వల్లే. అవును."

ఉత్త బొమ్మ అన్న ఆ లైటునే సాక్ష్యానికి తెచ్చాను. ఆమె చదివి నాకు నేర్పిన చదువుతోనే ఆమె నోరు మూయించాను. ఆమె ఏడవలేదు. తల ఊపి మళ్ళీ గోడకానుకుని కూర్చుంది. ఆ ఊపడం మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ తరవాత ఆమె స్టీరింగు పట్టలేదు. పక్క పల్లెల నించి ఇద్దరమ్మాయిలు ఆమెని చూసి లైసెన్సు కోసం తిరుగుతుండేవారు, వాళ్ళూ మానేశారు. స్టాండులో, అందుకే ఆడోళ్ళకి బండి ఇవ్వకూడదు, అన్న మాట స్థిరపడిపోయింది. దానికి ఆధారం నేనే. మేస్త్రీయే సెప్పాడు కదా, అంటారు. బొంజుబాబు ఇక తోటలోకి ఎక్కలేడు. వాకిట్లో కూర్చుని చెట్టూ చెట్టూ పేరు పెట్టి అడుగుతాడట, అది కాసిందా, దీనికి పురుగు పట్టిందా అని. సుందరే ఎక్కుతుంది, కోస్తుంది, మోస్తుంది. వారపు సంతకి అల్లం, చిక్కుడు గింజలు తెచ్చి అమ్ముతుంది. జీపులో వస్తే వెనక కూర్చుంటుంది, ముందు సీటు ఖాళీగా ఉన్నా సరే. నా కొట్టు ముందు నించే వెళ్తుంది. వెళ్ళిన ప్రతిసారీ ఆగి, బాగున్నారా మేస్త్రీ, అంటుంది.

బాగున్నానమ్మా, అంటాను.

రెండేళ్ళ కిందట ఒకరోజు బొంజుబాబు కబురు పెట్టాడు, ఒకసారి రమ్మని. తెలిసిపోయిందనుకున్నాను. అబద్ధమెందుకు, ఎక్కడో చిన్న ఊరట కూడా కలిగింది. వెళ్ళాను. అతను వాకిట్లో మంచం మీద ఉన్నాడు. అవతల కళ్ళంలో సుందరి కాఫీ గింజలు ఎండబోసి కాలితో తిరగేస్తోంది.

బొంజుబాబు గొంతు తగ్గించి అన్నాడు. "గుంట ఇంకా కుమిలిపోతంది మేస్త్రీ. పెళ్ళి మాటెత్తితే, అయ్య కాలు తీసేసినదాన్ని, నాకెందుకు, అంటాది. నీ తప్పు కాదే అని నాను సెప్తే నమ్మదు. నువ్వు పనోడివి. టైరుదే తప్పని నువ్వు సెప్పు. అబద్ధమైనా పర్లేదు. దాని మనసు కుదుటపడాల."

అబద్ధమైనా పర్లేదట. నిజాన్ని అబద్ధం కింద చెప్పమని నన్ను బతిమాలుతున్నాడు ఆ మనిషి. నా వల్ల కాలు పోయిన మనిషి.

లేచి కళ్ళంలోకి వెళ్ళాను. అమ్మా సుందరీ, అన్నాను. ఆ రోజు నీ తప్పేం లేదు, టైరుదే తప్పు, నువ్వు బ్రేకు తొక్కకముందే పోయింది, అన్నాను. ఆమె గింజలు తిరగెయ్యడం ఆపి నా వైపు చూసి నవ్వింది. పెద్దవాళ్ళని నొప్పించకుండా నవ్వే నవ్వు.

"మా అయ్య సెప్పమన్నాడేటి?"

నేను నేల చూశాను.

"పోనీండి మేస్త్రీ. ఆసుపత్రిలో అడిగితే అవునన్నారు కదా. అప్పుడు నా మీద జాలి లేదు మీకు. అప్పుడన్నదే నిజం. ఇప్పుడు జాలేసి సెప్తన్నారు."

ఇంకొక్క మాట చాలు. గేజిలో పద్దెనిమిది చూసి కూడా ఆ బటన్ నొక్కాను, అంటే చాలు. ఆమె నమ్మేది. నమ్మక తప్పదు, ఆ బటన్ సంగతి నాకంటే ముందు తెలిసిన మనిషి ఆమె. నా నోట్లో ఆ మాట ఉంది కూడా. కానీ ఆమె లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. ఆ తోట కాఫీయే. గ్లాసు చేతికిచ్చింది. నేను తాగాను. ఎండ బాగా కాస్తోంది, గింజలు బేగి ఆరతాయి, అన్నాను. వచ్చేశాను.

ఎందుకు చెప్పలేదు? జైలు భయమా? ఇన్నేళ్ళ తరవాత ఎవరు పట్టించుకుంటారు. కొట్టు పోతుందనా? పోయినా ఇంకో ఊరు ఉంది. మేస్త్రీ అనే ఆ పిలుపు ఆమె నోట్లోంచి పోతుందని. నన్ను ఇంకా గౌరవంగా పిలుస్తున్న వాళ్ళలో ఆమె పిలుపే నాకు ఎక్కువ కావాలి. ఎంత సిగ్గులేని ఆశో చూడండి.

ఇప్పుడు నేను ఈ లైట్ల విషయంలో పేరు మోసిన పనివాణ్ణి. కొత్త కార్లన్నిటికీ ఏదో ఒక రకం ఉంటోంది కదా. టూరిస్టులు కంగారుగా వస్తారు. ముందు గేజి పెడతాను, గాలి కొడతాను, గాలి కారుతోందనిపిస్తే చక్రం విప్పి నీళ్ళలో ముంచుతాను, ఆ తరవాతే బటన్ నొక్కిస్తాను. ఎందుకో వివరంగా చెబుతాను. కిందటి నెల ఒకాయన, ఇంత బాగా షోరూములో కూడా చెప్పలేదండీ, మీకెవరు నేర్పారు, అన్నాడు. అనుభవం సార్, అన్నాను. ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

అదే వారం కాలేజీ అమ్మాయిలు ముగ్గురు, సంతలో సుందరి దగ్గరకి వెళ్ళి డ్రైవింగు నేర్పమని అడిగారట. మా ఆవిడ అక్కడే కూరలు కొంటూ విని నాకు చెప్పింది. సుందరి చేతులు చూపించి, "ఈ సేతులు మంచివి కావమ్మా, ఇంకెవరినన్నా అడగండి," అందట. పాపం కదండీ, అంది మా ఆవిడ. ఊఁ, అన్నాను. అందుకే కాగితం తీశాను.

ఇది చదివి మీరు నన్ను క్షమించక్కర్లేదు. ఆ పని మీది కాదు. ఆమెదీ కాకపోవచ్చు. రేపే వెళ్ళి ఆమెకి చెబుతానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. రాయను. వెళ్తానో లేదో నాకే తెలియదు. నా పిరికితనం ఎంతదో ఏడేళ్ళుగా చూస్తున్నవాణ్ణి. ఇప్పటికి చేయగలిగింది ఇంతే. నీ తప్పు కాదమ్మా అని ఒకసారి చెప్పగలిగాను. నా తప్పు అనే మాట మాత్రం ఏ మనిషి ముందూ, మా దేవుడి గదిలో కూడా, పైకి అనలేదు. ఇవాళ నా చేత్తో రాశాను. రాశాక చదువుకున్నాను. నా తప్పు. కొట్టివేయలేదు.